సంధి కుదిరాక దొరగారికి వాసన తెలిసింది

ఇప్పటి కుర్రాళ్ళు కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుని, రేకు డబ్బా ధర కాస్త పెరిగితే చాలు, ప్రళయం వచ్చినట్టు మాట్లాడతారు. ఎక్కడో ఓడ ఆగిందట, ఏదో దేశపు రాజుకి ఇంకో దేశపు రాజు మీద కోపం వచ్చిందట, అందుకని అమలాపురంలో మనం వత్తి తగ్గించుకోవాలట. ఈ వింత తమ కాలంలోనే పుట్టిందని వాళ్ళ నమ్మకం. నాయనలారా, ఆ వింత మా కోనసీమలో పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. దానికి మొదటిసారి నీళ్ళు పోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఆ నీళ్ళు సరిగ్గా పోయలేదని ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నా చదువు గురించి ముందే చెప్పేస్తే మంచిది, తరవాత ఎవరూ ఆశ పెట్టుకోరు. వీధి బడిలో గుణింతాల దగ్గర ఉండగా, పంతులుగారు ఆ పూట తిని వచ్చిన పచ్చడిలో ఇంగువ మాడిందని వాసన పట్టి, ఆ మాట పైకి అనేశాను. అది నిజమే. నిజం కాబట్టే బెత్తం దెబ్బలు రెండు ఎక్కువ పడ్డాయి. మర్నాటినుంచి నేను బడికి వెళ్ళలేదు, ఆయన కబురు పెట్టలేదు, ఇద్దరం సుఖపడ్డాం. ఆ ముక్కే నాకు తరవాత ఇరవై ఏళ్ళు అన్నం పెట్టింది.

అమలాపురం దగ్గర కొత్తగా తవ్విన కాలవ గట్టున ఒక షావుకారుగారికి నూనె కొట్టు ఉండేది. చుట్టుపక్కల గానుగల వాళ్ళు జాడీల్లో కొబ్బరినూనె తెచ్చేవారు. నేను వేలు ముంచి, మణికట్టు మీద రాసి, వాసన చూసి, చివరికి నాలిక మీద వేసుకుని, బాగుంటే జాడీ మెడకి సున్నం బొట్టు పెట్టేవాణ్ణి. బొట్టు పడ్డ నూనె పీపాల్లోకి ఎక్కి, పడవల మీద కాకినాడ వెళ్ళి, అక్కడ నూనె కొనే దొరగారు చూసి సరేనంటే ఓడెక్కి సీమకి, అంటే దొరల దేశానికి, పోయేది. బొట్టు పడని నూనె వచ్చిన దారినే వెనక్కి పోయేది. మిగతా గుమాస్తాలకి కలాలు ఉండేవి, నాకు ముక్కు ఉండేది. ఊళ్ళో నన్ను ముక్కు గుమాస్తా అనేవారు. ఆ పేరు విని మా ఆవిడ పుట్టింటివాళ్ళు ఒక నెల రోజులు సిగ్గుపడి, జీతం ఎంతో తెలిశాక మానేశారు.

నాకు తెలిసిన గానుగలన్నిట్లోనూ ఒక గానుగ వేరు. వీధి చివర ఒక విధవరాలు నడిపేది. ఆవిడని ఊరంతా గానుగ అత్త అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఆ వీధిలో పదిహేను ఇళ్ళవాళ్ళు తమ కురిడీలు, అంటే బాగా ఎండిన కొబ్బరి, ఆవిడకే ఇచ్చి ఆడించుకునేవారు. మా వైపు గానుగ దగ్గర ఒక పద్ధతి ఉంది. కురిడీ ఇచ్చినవాళ్ళు ఎద్దు తిరగడం మానేవరకూ అక్కడే కూర్చుని కాపలా కాస్తారు. నమ్మకం లేక కాదని అందరూ అంటారు, నమ్మకం లేకేనని అందరికీ తెలుసు. అత్త గానుగ దగ్గర మాత్రం ఎవరూ కూర్చునేవారు కాదు. కురిడీలు గుమ్మంలో పెట్టేసి, పనులు చూసుకుని, సాయంత్రం వచ్చి నూనె పట్టుకెళ్ళేవారు. ఆవిడ ప్రతి కురిడీనీ విరిచి, కొరికి చూసి, బూజు పట్టిందాన్ని పక్కన పడేసిగాని రోట్లో వెయ్యదు. ఆవిడకి పొలం లేదు, మగదిక్కు లేదు. ఎవరూ కాపలా కూర్చోకపోవడమే ఆవిడ ఆస్తి.

ఇలా ఉండగా యుద్ధం వచ్చింది.

యుద్ధం మాకు దుబాసీగారి సంచిలో వచ్చింది. ఆయన కాకినాడలో దొరగారి దగ్గర మాటలు మార్చే ఉద్యోగి. పక్షానికోసారి మా కొట్టుకి వచ్చి, అరుగెక్కి, మడత పెట్టిన ఇంగ్లీషు కాగితం విప్పి, దాన్ని దూరంగా పట్టుకుని చదివేవారు. దూరంగా పట్టుకుంటే ఇంగ్లీషు ఎక్కువ వచ్చినట్టు ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు రష్యావాళ్ళతో యుద్ధం పెట్టుకున్నారని ఆయన చెప్పిన రోజున షావుకారుగారు పెద్దగా పట్టించుకోలేదు.

"వాళ్ళూ వాళ్ళూ కొట్టుకుంటే మనకేటండీ?" అన్నారు.

"అక్కడే ఉందండి కిటుకు," అన్నారు దుబాసీగారు. "దొరల దేశంలో సబ్బులకీ కొవ్వొత్తులకీ కావలసిన కొవ్వు, రంగులకి కావలసిన అవిసెనూనె, అన్నీ రష్యానుంచే వెళ్తాయండి. ఇప్పుడది ఆగిపోయింది. కొవ్వు రాకపోతే దేనితో చేస్తారు? కొబ్బరినూనెతో."

మా పీపాల పడవ నడిపే సరంగు కింద నిలబడి వింటున్నాడు. వాడికీ నాకూ నోటి దురద సమానం.

"అయితే దొరలు ఓ ఏడాది ఒళ్ళు రుద్దుకోడం మానేస్తే సరిపోద్ది కదండీ," అన్నాడు.

"ఆయ్, నువ్వెళ్ళి చెప్పిరా," అన్నారు దుబాసీగారు.

ధర పెరిగింది. మళ్ళీ పెరిగింది. అమలాపురంలో అడుగు పెట్టని రష్యా రాజు అమలాపురంలో ప్రతి ఇంట్లోనూ భోజనానికి కూర్చున్నాడు. మంగలి గడ్డం గీస్తూ కోటల ముట్టడి గురించి చెప్పేవాడు. కత్తి మన మెడ మీద ఉంది కాబట్టి మనం ఒప్పుకోవలసిందే. షావుకారుగారు గుళ్ళో పూజ చేయించారు. ఇద్దరు రాజులూ నూరేళ్ళు చల్లగా బతకాలి, ఆ నూరేళ్ళూ కొట్టుకోవాలి, ఇదీ ఆయన సంకల్పం. సీమలో ఉన్నది రాణి అని అప్పటికి మాకు తెలీదు. నేను పక్కనే ఉండి విన్నాను. పూజారి ఇద్దరి గోత్రాలూ అడిగాడు.

ఈ లోపల విచిత్రం ఏమిటంటే, తల పైకెత్తితే కొబ్బరిచెట్టు తప్ప ఆకాశం కనిపించని మా కోనసీమలో తలకి రాసుకోవడానికి నూనె చుక్క లేకుండా పోయింది. అంతా పీపాల్లోకి పోయింది. ఆడవాళ్ళ జుట్లు కొబ్బరిపీచులా లేచి నిలబడ్డాయి. మా ఆవిడ దువ్వెన విరిగిన రోజున రష్యా రాజుని మొదలుపెట్టి నా దగ్గర ఆపింది. మధ్యలో దొరలందరూ వచ్చారు.

ఆ ఏడాది చలికాలానికి నూనె కన్నా పీపాలకి కరువొచ్చింది. ప్రతి కొట్టువాడికీ కావాలి, చేసే వడ్రంగులు నలుగురే. షావుకారుగారు సరంగుని సముద్రం ఒడ్డు పల్లెలకి పంపి ఇరవై పాత పీపాలు తెప్పించారు. అవి అంతకుముందు సొరచేప నూనె నింపిన పీపాలు. పడవ చెక్క పుచ్చిపోకుండా పూసే నూనె అది. దాని వాసన తెలియాలంటే మీరు దగ్గరికి వెళ్ళక్కరలేదు, అదే మీ దగ్గరికి వస్తుంది.

సరంగు దాచలేదు. "సొర పీపాలేనండి. కడిగితే పోద్దని తమరన్నారని తెచ్చేను," అన్నాడు.

"ఎందుకు పోదూ," అన్నారు షావుకారుగారు.

వేణ్ణీళ్ళు పోశారు, బూడిద వేసి తోమారు, కుంకుడు రసంతో నానబెట్టారు, నాలుగు రోజులు ఎండబెట్టారు. పుష్యమాసపు ఎండ అది, దానికే చలి వేస్తుంది.

ఆ ఐదో రోజు పొద్దున్నే గానుగ అత్త వచ్చింది. షావుకారుగారి కబురు మీద, ఆ ఏడాది పదిహేను ఇళ్ళ నూనె అంతా ఒక్కచోట చేర్చి తెచ్చింది. ధర బాగుంది, ఈ ఒక్కసారి ఇళ్ళకి తీసుకోకుండా కొట్టుకి పోయించండి అని ఆవిడే ఇంటింటికీ వెళ్ళి ఒప్పించింది. బండి మీద జాడీలు బారుగా ఉన్నాయి. చలికి నూనె గడ్డకట్టి వెన్నలా తెల్లగా ఉంది. నేను వేలు పెట్టి తీసి, అరచేతిలో కరిగించి చూశాను. అలాంటి నూనె నేను తరవాత చాలాసార్లు వెతికాను. కురిడీని ఎండలో ఎత్తి పట్టుకుంటే ఎలా ఉంటుందో, అలాంటి వాసన.

ఆవిడ పీపాల వైపు చూసింది.

"అబ్బాయ్, అయ్యి ఎక్కడియ్యి?"

"సముద్రం ఒడ్డువి అత్తా. శుభ్రంగా కడిగేరు."

"సొర పీపాలు గదా. అందులో మా వీధి నూనె పొయ్యను."

షావుకారుగారు నవ్వారు. "ఎందుకమ్మా గొడవ? మన గుమాస్తా ఉన్నాడు గదా. ఆడి ముక్కు కంటే పెద్ద కోర్టు ఏవుంది? చూసి చెప్పమనండి."

అత్త నా వైపు తిరిగింది. "నువ్వు బాగుందంటే పోస్తాను, అబ్బాయ్."

నేను పీపాలోకి తల పెట్టాను. లోపల కుంకుడు వాసన, బూడిద వాసన, తడి చెక్క వాసన. వాటన్నిటి వెనకాల, పెళ్ళికి పిలవకపోయినా వచ్చి తలుపు చాటున నిలబడ్డ చుట్టంలా, ఇంకొకటి ఉంది. అది ఎవరో నాకు తెలుసు. చలికి ముడుచుకుని ఉంది, అంతే. నా ముక్కు స్పష్టంగా చెప్పింది. పీపాలో తల ఉన్నంతసేపూ నేను చాలా నిజాయితీపరుణ్ణి.

తల బయటికి తీశాను. షావుకారుగారు చూస్తున్నారు. ముందటి వారమే ఆయన నాకు శాలువా కప్పారు, అది ఆ పూట నా భుజం మీదే ఉంది. దుబాసీగారు అరుగు మీదున్నారు. సరంగు పడవ కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇవి పనికిరావంటే మరో పీపాలు లేవు. కాదనడానికి ఒక్క మాట చాలు. నాకు ఆ మాట రాలేదు, హాస్యం వచ్చింది.

"అత్తా, ఈ పీపాలో సొరచేప ఎప్పుడో చచ్చి, పుణ్యలోకాలు తిరిగి, మళ్ళీ మల్లెతీగై పుట్టింది. పోసెయ్," అన్నాను.

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. ఆవిడ చెక్క గరిటెతో గడ్డ నూనె తీసి పీపాల్లో వేయించడం మొదలుపెట్టింది. మిగతా గానుగల నూనె కూడా వాటిలోనే వేశారు. నూనె చాలక ఒకటి ఖాళీగా మిగిలింది, నిండిన పంతొమ్మిది పీపాలకీ నేను సున్నం బొట్టు పెట్టాను. గడ్డ నూనె మీద ఈగ వాలినా జారిపోయేలా నున్నగా ఉంది. దేని వాసనా పైకి రాదు. చలికాలం ఎన్ని పాపాలనైనా తెల్లగా ఉంచుతుంది.

ఆ పీపాలు మర్నాడే కాకినాడ వెళ్ళి ఉంటే ఈ కథ లేదు. సీమలో ఏదో సబ్బుల కుండలో పడి ఉడికిపోయేవి, నేను పెద్దమనిషినై చచ్చేవాణ్ణి. కాని దుబాసీగారు కాగితం విప్పారు.

"కోట పడిపోయిందండి. కాని రష్యా రాజు లొంగలేదు. ఇది పదేళ్ళ యుద్ధం," అన్నారు.

"అయితే ఆగుదాం," అన్నారు షావుకారుగారు. "ధర ఇంకా ఎక్కాలి."

మాఘం వెళ్ళింది, ఫాల్గుణం వెళ్ళింది. నూనె కొట్టులో కూర్చుంది, మేము దాని మీద కోడిపెట్టల్లా కూర్చున్నాం. ఊళ్ళో ప్రతివాడూ యుద్ధం ఎన్నేళ్ళో లెక్క చెప్పేవాడే. ఆ కాగితం ఓడలో ఎన్నాళ్ళు ప్రయాణం చేసి మా అరుగు మీదికి వచ్చిందో ఒక్కడూ అడగలేదు. నిన్నటి అన్నం చద్దని తెలుసు మాకు, రెండు నెలల కిందటి వార్త చద్దని తట్టలేదు.

చైత్రంలో ఎండలు ముదిరాయి. నూనె కరిగింది. ఒకనాడు మధ్యాహ్నం నేను కొట్టు తలుపు తీశాను. తలుపు చాటు చుట్టం నట్టింట్లో కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాడు.

పరిగెత్తుకుని షావుకారుగారి దగ్గరికి వెళ్ళాను. "బాబూ, సొర వాసన వస్తోందండి."

"నీకు జలుబు చేసినట్టుంది," అన్నారు ఆయన.

"జలుబైతే వాసన తెలీదండి."

"అయితే వేడి చేసింది. మజ్జిగ తాగు." గొంతు తగ్గించారు. "ఒరే, పోయిన నెల రాజోలు వాళ్ళు పొగబట్టిన కురిడీ నూనె పంపేరు. ఎర్రగా, కషాయంలా ఉంది. దొరగారు బంగారంలా ఉందని పుచ్చుకున్నారట. ఇప్పుడు ఆయన కాలవ నీళ్ళు పంపినా కాదనరు. కంగారుపడకు."

నేను మజ్జిగ తాగాను. చెప్పవలసింది చెప్పేశానని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పవలసినవాళ్ళు షావుకారుగారు కాదని, వీధి చివర ఉన్నారని నాకు తెలుసు. అటువైపు వెళ్ళడం మానేశాను. ఎండ ఎక్కువగా ఉందని మా ఆవిడతో అన్నాను.

వైశాఖంలో దుబాసీగారు వచ్చారు. అరుగెక్కలేదు. కింద మెట్టు మీద కూర్చున్నారు. కాగితం విప్పకుండానే చెప్పారు.

"సంధి కుదిరిపోయిందండి."

"ఎప్పుడు?"

"ఎప్పుడోనండి. కాగితం ఇప్పుడొచ్చింది."

అంటే మేము ఇద్దరు రాజుల పేరా కొబ్బరికాయలు కొడుతున్న రోజుల్లోనే, వాళ్ళిద్దరూ కౌగిలించుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ సంగతి మాకు చెప్పాలని వాళ్ళకి తోచలేదు.

ఆ పూటే పీపాలు పడవెక్కాయి. కాలవలో పడవల బారు చూడాలి. కోనసీమలో నూనె దాచుకున్న ప్రతివాడూ, నిన్నటిదాకా ఆగుదాం ఆగుదాం అన్నవాడు, ఇవాళ తోసుకుంటున్నాడు. తీర్థంలో అన్నదానం అయిపోతోందని తెలిసినా జనం అంత తోసుకోరు. నేను కూడా సరంగు పడవలో ఎక్కాను. వాడు దారిపొడవునా తెరచాప నీడ నాకు ఇచ్చి, తను గాలికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎందుకురా అంత మర్యాద?" అన్నాను.

"మర్యాద కాదండి. పీపాలు మీ వైపు ఉన్నాయి," అన్నాడు.

కాకినాడ గిడ్డంగిలో దొరగారు తెల్లబట్టల్లో వచ్చారు. పొడవాటి కర్ర ఒకటి పీపాలో ముంచి తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ముఖం పక్కకి తిప్పుకుని జేబురుమాలు తీశారు. రెండో పీపా మూత తియ్యనివ్వలేదు. ఏదో అన్నారు. దుబాసీగారు నేల చూస్తూ తెలుగు చేశారు.

"చేపల నూనె చేపలు పట్టేవాళ్ళకే అమ్ముకోమంటున్నారండి."

దొరగారు వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను. "దుబాసీగారూ, ఒక్క మాటండి. మొన్న రాజోలు పొగనూనె ఈ దొరగారికే బంగారంలా కనపడిందటగా?"

"ఆయ్."

"మరి ఆ రోజు ఆ ముక్కు ఏమైందండి?"

ఆయన మెల్లగా కాగితం మడత పెట్టుకున్నారు. నవ్వలేదు. "అప్పుడు వారికి జలుబండి. యుద్ధం మొదలైననాడు పట్టింది, సంధినాటికి తగ్గింది," అన్నారు.

ఇంగ్లీషు కాగితాలు అన్నాళ్ళు చదివి ఆయన చెప్పిన మాటల్లో నిలబడ్డది ఇదొక్కటే. ఇప్పటివాళ్ళు చమురు ధరల గురించి నన్ను అడిగితే నేను ఇదే చెబుతాను. కరువులో కొనేవాడికి జలుబు, కలిమిలో అమ్మేవాడికి జలుబు. నాకు ఎప్పుడు పట్టిందో మీకు తెలుసు.

మేము తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న కొట్టు ముందు గానుగల వాళ్ళ కులపెద్దలు చేరారు. షావుకారుగారే పిలిపించారు. పీపాల తప్పని ఒప్పుకుంటే ఊరి గానుగలన్నీ ఆయన మీద పడతాయి. తప్పు నూనెదైతే ఒక్క గానుగ మీదే పడుతుంది. ఆ ఒక్క గానుగ ఏదో ఆయన రాత్రికి రాత్రే ఎంచుకున్నారు. ఎక్కువ నూనె ఎవరిదో వాళ్ళది, అడిగేవాళ్ళు ఎవరికి లేరో వాళ్ళది.

"ఆవిడ బూజు కురిడీ ఆడించింది. ఆ కంపు అందరి నూనెకీ అంటుకుంది," అన్నారు షావుకారుగారు. "పెద్దలు ఆలోచించండి."

మా వైపు కల్తీ రుజువైన గానుగకి రోకలి దించేస్తారు. రోకలి లేని గానుగ రాతిగుంట. ఎద్దుని అమ్ముకోవాలి, తరవాత ఆ మనిషి ఊళ్ళో తలెత్తుకోలేదు. పదిహేను ఇళ్ళ ఆడవాళ్ళూ దూరంగా నిలబడ్డారు. వాళ్ళ జుట్లు ఇంకా లేచే ఉన్నాయి. వాళ్ళలో కొందరు అప్పటికే అత్తకి కొంచెం ఎడంగా నిలబడ్డారు.

అత్త ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. చెంగు నడుముకి బిగించుకుని ముందుకొచ్చింది.

"నా నూనె పాడని ఎవరో చెప్తే ఒప్పుకోను. ఆ అబ్బాయి చెప్తే నా చేత్తో నేనే రోకలి దించుతాను. ఆడు జాడీలో చూసేడు, పీపాలో చూసేడు."

అందరూ నా వైపు తిరిగారు. షావుకారుగారు దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేశారు. ఎంతో దయగా మాట్లాడారు.

"చెప్పరా అబ్బాయ్. నీ తప్పేం లేదు. పుష్యమాసం, చలి. ఆ రోజు నీకు జలుబు. అందుకే జాడీలో కంపు నీకు తెలీలేదు. అంతే గదా?"

నాకోసం కుట్టించి తెచ్చిన చొక్కాలా ఉంది ఆ మాట. సరిగ్గా సరిపోయేది. తొడుక్కుంటే ఉద్యోగం ఉంటుంది, శాలువా ఉంటుంది, జలుబుకి ఎవరూ శిక్ష వెయ్యరు. నేను ఏదైనా హాస్యం దొరుకుతుందేమోనని చూశాను. ఎప్పుడూ నాలిక మీదే ఉండేది, ఆ పూట లేదు.

"నాకు జలుబు లేదండి," అన్నాను. "జాడీలో నూనె మల్లెపువ్వండి. పీపాలోనే సొర వాసన. నూనె పొయ్యకముందే ఉంది. నేను చూసేను."

"చూసేవా?" అన్నారు షావుకారుగారు. చెయ్యి తీసేశారు. "చూస్తే అప్పుడెందుకు చెప్పలేదు?"

"అప్పుడు యుద్ధం ఉందండి."

సరంగు ఒక్కడు నవ్వాడు. వాడికి పీపాల సంగతి మొదటినుంచీ తెలుసు, ఆ పక్కనే ఒక పీపా మిగిలి ఉందని కూడా తెలుసు. ఆనాడు నూనె చాలక ఖాళీగా వదిలేసిన ఇరవయ్యో పీపా అది. దాన్ని ఎండలోకి దొర్లించి మూత తీశాడు. కులపెద్ద ముసలాయన వంగి చూశాడు. లేచి, రెండడుగులు వెనక్కి వేసి, "ఇందులో కొబ్బరి ఎప్పుడూ పడలేదే," అన్నాడు. "కంపు మాత్రం ఉంది."

రోకలి దించలేదు. నన్ను దించారు. శాలువా కూడా అక్కడే ఇచ్చేసి వచ్చాను. ఎండాకాలం కాబట్టి త్యాగం సులువైంది.

అత్త దగ్గరికి వెళ్ళాను. ఏదో అంటుందని, అంటే బాగుండునని.

"నిజవే చెప్పేవు అబ్బాయ్," అంది. "మీ దుబాసీగారి కాగితం లాగ చెప్పేవు. అంతా అయిపోయేక."

ఆ నూనెని పడవలవాళ్ళు కొనుక్కుని చెక్కలకి పూసుకున్నారు. ఆ ఏడు పదిహేను ఇళ్ళ ఆడవాళ్ళ తలల కన్నా ముమ్మిడివరం వైపు పడవలు నిగనిగలాడాయి. నాకేమైందో చెబితే మీరు నవ్వుతారు. తన తప్పు తనే పదిమందిలో చెప్పుకున్న ముక్కు గుమాస్తా ఉన్నాడని పేరు పడి, నెల తిరక్కుండా కొత్తపేటలో ఒక పెద్ద కొట్టు వాళ్ళు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. జీతం కూడా ఎక్కువ. శుభ్రంగా నూనె ఆడించిన మనిషి, ఒప్పించి పోయించినందుకు, పదిహేను ఇళ్ళ ముందూ తలవంచుకుంది, తప్పుడు బొట్టు పెట్టినవాడికి నిజాయితీపరుడని బిరుదు. లోకం నడిచే పద్ధతి మీద నాకు అప్పటినుంచీ పెద్ద ఫిర్యాదులు లేవు, దాని చేతుల్లో బాగుపడ్డవాణ్ణి కాబట్టి.

మరుసటి ఏడు కురిడీల రోజుల్లో సెలవు మీద ఊరికి వచ్చాను. నా కాళ్ళు నేను చెప్పకుండానే ఆ వీధి పట్టాయి. దూరంనుంచే గానుగ కిర్రుమనడం వినపడింది, ప్రాణం లేచి వచ్చింది. ఎద్దు తిరుగుతోంది. అత్త కురిడీ విరిచి కొరికి చూస్తోంది. రోటి పక్కన, పీట వేసుకుని, ఆ వీధి ఆవిడ ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో చేట, చేటలో బియ్యం. కళ్ళు మాత్రం బియ్యంలో లేవు.

అన్నేళ్ళూ ఎవరూ కూర్చోని చోట మనిషి కూర్చుంది. నా కాళ్ళు ఆగిపోయాయి. రోకలిని కాపాడానని ఏడాదిగా లోలోపల మీసం దువ్వుకుంటున్నాను. కాపాడింది కర్రనే. నమ్మకాన్ని నేను పీపాలోనే పోసి వచ్చాను.

కొంచెం దగ్గరికి వెళ్ళి ఆవిడతో నెమ్మదిగా అన్నాను. "అమ్మా, తప్పంతా నాదండి. అత్త మీద అనుమానం పెట్టుకుని కాపలా కూర్చోకండి."

ఆవిడ చేట పక్కన పెట్టింది. చీపురు పుల్లతో రోటి చుట్టూ ఒక గీత గీసి, నన్ను దానికి అవతలే నిలబెట్టింది.

"మాకు అత్త మీద అనుమానం ఎందుకండీ?" అంది. "తమరు ఊళ్ళోకి వచ్చేరని తెలిసింది. వాసన చూడ్డానికి ఇటొస్తారేమోనని కూర్చున్నానండి."